చేతికి విద్య – విద్యకు యోగ్యతాపత్రం

పాఠ్యభాగ వివరాలు

ప్రక్రియ: వ్యాసం
విషయం: వృత్తివిద్య – విద్యుత్ పనివాని శిక్షణ, యోగ్యత, బాధ్యత

ఉద్దేశం: విద్యుత్ పని నేర్చి, పరీక్షలో నెగ్గి, ప్రభుత్వ గుర్తింపు పొందే క్రమాన్ని విద్యార్థులకు తెలియజేయడం, చేతివృత్తుల పట్ల గౌరవాన్ని, భద్రత పట్ల శ్రద్ధను పెంపొందించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

ప్రవేశిక: ఇల్లు కట్టుకునేవారు ఇటుకను తట్టి చూస్తారు, కలపను గోటితో గీచి చూస్తారు. గోడలోని కరెంటు తీగను మాత్రం ఎవరూ చూడలేరు. చూడలేని పనిని ఏ నమ్మకంతో అప్పగించాలి? ఈ ప్రశ్నకు సమాజం వెదుకుకున్న సమాధానమే యోగ్యతాపత్రం.

పాఠ్యభాగం

కృష్ణానదికి దక్షిణపుటొడ్డున, విజయవాడకు ఎదురుగా ఉన్న ఊరు తాడేపల్లి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి ఈ రెండు తీరాలను కలుపుతున్నది. తాడేపల్లికి ఆనుకొని ఉన్న ఉండవల్లిలో కొండను తొలిచి మలచిన గుహాలయం ఉంది. దానిని చెక్కిన శిల్పుల పేర్లు తెలియకపోయినా వారి నైపుణ్యాన్ని గురించి ఎవరికీ సందేహం లేదు. స్తంభం సరిగా నిలిచిందో లేదో, అనంతశయనమూర్తి ముఖంలో ప్రశాంతత పలికిందో లేదో చూచిన ప్రతివాడూ చెప్పగలడు. శిల్పి పనికి శిల్పమే సాక్ష్యం.

అదే ఊళ్లో నేడు కడుతున్న ఇంట్లో ఎలక్ట్రీషియన్ చేసే పని అటువంటిది కాదు. అతడు గోడను కాడి కొట్టి గొట్టాలు పెడతాడు, తీగలు లాగుతాడు, కలుపులు వేస్తాడు. తరువాత తాపీమేస్త్రి వచ్చి సిమెంటు పూస్తాడు, ఆపైన రంగు పడుతుంది. పని అంతా గోడ వెనుకకు వెళ్లిపోతుంది. స్విచ్చి వేయగానే దీపం వెలిగితే గృహయజమాని సంతోషిస్తాడు. కాని దీపం వెలగడం పని సరిగా జరిగిందనడానికి నిదర్శనం కాదు. ఎర్త్ తీగ కలపని ఇంట్లోనూ దీపం వెలుగుతుంది. ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగను స్విచ్చి గుండా నడిపినా దీపం వెలుగుతుంది, ఆరుతుంది. ఆరిన దీపపు హోల్డరులో మాత్రం విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది. ఆ సంగతి తెలిసేది బల్బు మార్చడానికి ఎవరో చేయి పెట్టిన రోజున. కంటికి కనిపించని పనికి పూచీ పడేదే యోగ్యతాపత్రం. అందువల్ల దానిని ఉద్యోగానికి పనికివచ్చే కాగితంగా మాత్రమే చూడరాదు.

నేల స్వభావాన్ని బట్టి పని

గుంటూరు, ప్రకాశం మండలాలు పత్తికి, మిరపకు పేరు పొందిన మెట్టప్రాంతాలు. తాడేపల్లి చుట్టూ కాలువల కింద సాగు ఉన్నా, పడమటికి పోయిన కొద్దీ నల్లరేగడి నేలలు, బోరు మోటార్లు, పత్తి మిల్లులు, మిరప నిలువచేసే శీతల గిడ్డంగులు కనిపిస్తాయి. ఈ పంటలన్నింటికీ విద్యుత్తుతో సంబంధం ఉంది. ఆ సంబంధంలో మేలు ఎంత ఉందో అపాయమూ అంత ఉంది.

పత్తి గింజ తీసే మిల్లులో దూది నూగు గాలిలో తేలుతూ మోటార్ల మీద, స్విచ్ బోర్డుల మీద పేరుకుంటుంది. బిగించని ఒక్క మర వద్ద నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది. ఆ వేడి నిప్పురవ్వగా మారితే దూదికి వేరే నిప్పు అక్కరలేదు. శీతల గిడ్డంగిలో పనిచేసే యంత్రాలకు త్రీఫేజు విద్యుత్తు మూడు తీగల్లోనూ సమంగా అందాలి. ఒక ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే రక్షణ లేకపోతే మోటారు కాలిపోతుంది. ఒక ఋతువంతా రైతు కాపాడుకున్న మిరప నిలువకు ముప్పు వస్తుంది.

పొలంలో పరిస్థితి మరింత సున్నితమైనది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించిన తరువాత పంపుసెట్టు రైతు జీవితంలో మరింత ముఖ్యమైన భాగమైంది. వ్యవసాయానికి కరెంటు రాత్రివేళ ఇచ్చిన కాలంలో రైతు తడిసిన నేలపై నిలిచి చీకటిలో స్టార్టరు మీట నొక్కవలసి వచ్చేది. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేవరకు ఆగలేక, నీరందక పైరు వాడిపోతుందన్న ఆతురతతో తానే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు వెళ్లేవాడు. అలా వెళ్లినవారిలో తిరిగి రానివారూ ఉన్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఇటీవలి నివేదికల ప్రకారం దేశంలో విద్యుద్ఘాతం వల్ల ఏటా పదివేలకు పైగా ప్రాణాలు పోతున్నాయి. వీటిలో అనేకం చిన్న నిర్లక్ష్యాల వల్ల, తెలియక చేసిన పనుల వల్ల జరిగినవే.

పూర్వులు చూపిన మార్గం

పనివాని నైపుణ్యానికి సంఘం పూచీ పడటం ఈ నేలకు కొత్త కాదు. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద, రాజు సిరి సాతకణి కాలంలో శిల్పులకు పెద్దగా ఉన్న ఆనందుడు చేయించిన దానాన్ని తెలిపే శాసనం ఉంది. అతని పదవిని ఆ శాసనం ‘ఆవేశని’ అన్నది. ఆవేశనం అంటే పనివారి కార్యశాల. శాతవాహనుల కాలంలో కార్యశాలకు ఒక పెద్ద ఉండేవాడని, అతనికి సమాజంలో దానం చేయగల స్థాయి, పేరు చెప్పుకోగల గౌరవం ఉండేవని దీనివల్ల తెలుస్తున్నది. తాడేపల్లికి ఎగువన కృష్ణాతీరంలోనే ఉన్న అమరావతి స్తూపం వద్ద చర్మకారుడైన విధికుడు పూర్ణఘట శిలాఫలకాన్ని సమర్పించి, తన వృత్తిని దాచుకోకుండా శాసనంలో చెక్కించాడు.

గురుశిష్యుల సంబంధాన్ని యాజ్ఞవల్క్యస్మృతి ఒక ఒప్పందంగా చెప్పింది. శిల్పం నేర్వవచ్చిన అంతేవాసి ముందుగా ఒప్పుకున్న కాలం పూర్తయ్యేవరకు గురువు ఇంట ఉండాలి. గడువుకు ముందే విద్య పట్టుబడినా మధ్యలో వెళ్లిపోరాదు. అంతకాలం గురువు అతనికి అన్నం పెట్టాలి; అతని పనివల్ల వచ్చే ఫలం గురువుకు చెందుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం కంటకశోధనాధికరణాన్ని చేతిపనివారి విషయంతోనే ఆరంభించింది. గడువు దాటించిన పనివానికి కూలిలో కోత, దానిపై జరిమానా విధించింది. చెప్పినదానికి విరుద్ధంగా పనిచేసినవానికీ దండన చెప్పింది. ప్రాణాపాయం గల చికిత్సను ముందుగా తెలియజేయకుండా చేసిన వైద్యుని ప్రస్తావన సైతం ఆ ప్రకరణంలోనే ఉంది. ఇతరుల ప్రాణధనాలు చేతిలో ఉన్నవాడు లెక్క చెప్పాలన్న భావన అంత ప్రాచీనమైనది.

ఐరోపాలో విద్యుత్ విజ్ఞానానికి పునాది వేసిన మైకేల్ ఫారడే పుస్తకాలకు అట్టలు కట్టే వ్యక్తి వద్ద ఏడేళ్లు శిష్యరికం చేసినవాడే. బైండింగుకు వచ్చిన గ్రంథాలు చదివి శాస్త్రంపై ఆసక్తి పెంచుకొని, 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. చేతిపని నేర్చిన క్రమశిక్షణ అతని ప్రయోగాలలోనూ కనిపిస్తుంది. చేయి, బుద్ధి ఒకదానికొకటి దూరం కావని అతని జీవితం చెబుతున్నది.

పారిశ్రామిక శిక్షణ సంస్థ

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశంలో కర్మాగారాలు, జలవిద్యుత్ కేంద్రాలు పెరిగాయి. తండ్రి వద్ద కొడుకు, మేస్త్రి వద్ద కుర్రవాడు నేర్చుకునే పద్ధతి ఒక్కటే ఆ అవసరానికి చాలలేదు. అందుచేత భారత ప్రభుత్వం 1950లో శిల్పకారుల శిక్షణ పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం కిందనే పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అనగా ఐ.టి.ఐ.లు, నడుస్తున్నాయి. దేశమంతటా శిక్షణ ఒకే ప్రమాణంలో ఉండేందుకు 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి ఏర్పడింది. 2018లో వృత్తివిద్యకు, శిక్షణకు కలిపి కొత్త జాతీయ మండలిని నెలకొల్పారు.

ఎలక్ట్రీషియన్ ట్రేడులో శిక్షణ రెండేళ్లు సాగుతుంది. గణితం, సామాన్యశాస్త్రం చదివి పదో తరగతి ఉత్తీర్ణులైన విద్యార్థి ఇందులో చేరవచ్చు. తాడేపల్లి పిల్లలు వంతెన దాటితే విజయవాడలోని ప్రభుత్వ ఐ.టి.ఐ.కి చేరుకోగలరు. ఇంటర్మీడియట్ విద్యలోనూ విద్యుత్ రంగానికి చెందిన వృత్తివిద్యా కోర్సులు ఉన్నాయి.

శిక్షణలో మొదటి పాఠం తీగతో కాదు, ఆకురాయితో. ఇనుపముక్కను బిగింపులో పెట్టి మూలమట్టానికి సరిపోయేవరకు రాచే పని విద్యార్థికి తొలుత విసుగు పుట్టిస్తుంది. కరెంటు పని నేర్వవచ్చినవాడికి ఇనుము రాయడం ఎందుకని అనిపిస్తుంది. చేయి కంటికి లోబడటం అక్కడే అలవడుతుంది. తరువాత తీగల కలుపులు వస్తాయి. తీగ తొడుగును కత్తితో గుండ్రంగా కోస్తే లోపలి రాగి మీద గాటు పడుతుంది, కొన్నాళ్లకు తీగ అక్కడే తెగుతుంది. పెన్సిలు చెక్కినట్లు వాలుగా తీయాలి. పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న ఈ సంగతి వేళ్లకు అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

చేతిపనితో పాటు సిద్ధాంతమూ సాగుతుంది. వోల్టేజికి, ప్రవాహానికి, నిరోధానికి మధ్యగల సంబంధాన్ని తెలిపే ఓమ్ నియమం ఈ విద్యకు ఓనమాలవంటిది. ఇంటికి వచ్చే సింగిల్ ఫేజు విద్యుత్తు 230 వోల్టులు. అరవై వాట్ల బల్బు ఆ వోల్టేజి వద్ద సుమారు 260 మిల్లీ ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది. మనిషి ప్రాణరక్షణకు ఇళ్లలో బిగించే లీకేజి రక్షణ స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్ల వద్దనే విద్యుత్తును ఆపేటట్లు తయారవుతుంది. అంటే బల్బు తీసుకునే ప్రవాహంలో తొమ్మిదో వంతు కూడా మనిషి గుండెకు అపాయకరమన్నమాట. ఈ లెక్క స్వయంగా వేసి చూచిన విద్యార్థి ‘చిన్న కరెంటేగా’ అని మళ్లీ అనడు.

వైరింగు పూర్తయిన తరువాత పరీక్షించడం శిక్షణలో ముఖ్యభాగం. తీగల తొడుగు విద్యున్నిరోధం ఎంత ఉందో మెగ్గరు అనే పరికరంతో కొలుస్తారు. ఇంటి వైరింగులో అది ఒక మెగా ఓమ్‌కు తక్కువ కారాదు. ఎర్త్ గొయ్యి నిరోధాన్ని వేరే పరికరంతో కొలుస్తారు. వేసవిలో నల్లరేగడి నేల ఎండి నెర్రెలు విచ్చినప్పుడు తేమ పోయి ఎర్త్ బలహీనపడుతుంది. అందుకే గొయ్యిలో నీరు పోయడానికి గొట్టం ఉంచుతారు. ఇంటివారు కాలానుగుణంగా ఆ నీరు పోయకపోతే ఎంత చక్కగా చేసిన పనైనా ఫలం ఇవ్వదు.

రెండేళ్ల చివర అఖిల భారత స్థాయిలో పరీక్ష ఉంటుంది. సిద్ధాంతంలో కంటే ప్రయోగపరీక్షలో ఉత్తీర్ణతకు కావలసిన మార్కుల శాతం ఎక్కువ. అందులో నెగ్గినవారికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ లభిస్తుంది. నేర్చిన విద్య వేరు, నేర్చినట్లు నిరూపించిన విద్య వేరు. ఆ రెండవదానికి ఈ పత్రం గుర్తు.

శిష్యరికం

ఐ.టి.ఐ. కార్యశాలలో తప్పు జరిగితే బోధకుడు పక్కనే ఉంటాడు. బయట ఉండడు. ఈ రెండింటి నడుమ వంతెనగా అప్రెంటిస్ శిక్షణ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణార్థికీ సంస్థకూ మధ్య ఒప్పందం రాసుకుంటారు. శిక్షణ కాలంలో సంస్థ స్టయిపెండు ఇస్తుంది. కాలం పూర్తిచేసి పరీక్షలో నెగ్గినవారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. నియమిత కాలం, గురువు పోషణ, శిష్యుని శ్రమ అనే మూడు అంశాలలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన అంతేవాసి ఒప్పందానికీ దీనికీ పోలిక ఉంది. అయితే నాడు శ్రమఫలం పూర్తిగా గురువుదే. నేటి చట్టం శిష్యునికి భృతిని, హక్కులను కూడా ఇచ్చింది.

విద్యుత్ సంస్థలలో శిష్యరికం చేసేవారు నేర్చే పాఠాలలో ‘లైన్ క్లియర్’ ముఖ్యమైనది. తీగపై పనిచేయవలసినవాడు ముందుగా సబ్‌స్టేషన్ నుండి అనుమతి తీసుకోవాలి. సరఫరా నిలిపినట్లు అక్కడివారు నమోదు చేసుకుంటారు. అంతటితో ఆగక, తీగలో విద్యుత్తు లేదని పరికరంతో పరీక్షించాలి; తీగలను ఎర్తింగ్ రాడ్‌తో భూమికి కలపాలి; ఆ తరువాతనే చేయి వేయాలి. పని ముగిసి, మనుషులందరూ దిగి, రాడ్లు తీసిన పిమ్మట అనుమతి తీసుకున్నవాడే దానిని తిరిగి అప్పగించాలి. అప్పటివరకు ఎంతటి అధికారి చెప్పినా సరఫరా పునరుద్ధరించరాదు. ఫోనులో విన్న ఒక్క మాటను నమ్మి స్తంభమెక్కినవారు, పక్క ఇంటి జనరేటరు నుండి తీగలోకి వెనుకకు వచ్చిన విద్యుత్తుకు బలైనవారు ఉన్నారు. ఈ నియమాల వెనుక అటువంటి చేదు అనుభవాలు ఉన్నాయి.

చట్టం చెప్పే అర్హత

ట్రేడ్ సర్టిఫికెట్ విద్యకు గుర్తింపు. ఇతరుల ఇళ్లలో, కర్మాగారాలలో వైరింగు పని చేపట్టడానికి చట్టం మరొక అనుమతిని కోరుతుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పాయి. వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, తిరిగి 2023లోనూ భద్రతా నిబంధనలను తెచ్చింది. మూలసూత్రం మారలేదు. లైసెన్సు గల కాంట్రాక్టరు పని చేపట్టాలి. యోగ్యతాపత్రం గల సూపర్‌వైజరు ప్రత్యక్ష పర్యవేక్షణ చేయాలి. పర్మిట్ గల వైర్‌మన్ చేతితో పని జరగాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి మార్చుకొనడానికి మినహాయింపు ఉంది. ఈ పర్మిట్లను, పత్రాలను రాష్ట్రంలోని విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు అర్హతలను, అనుభవాన్ని పరిశీలించి ఇస్తుంది.

ఒకే పనికి ముగ్గురు ఎందుకని సందేహం కలగవచ్చు. పనిచేసినవాడు తన తప్పును తాను చూడలేకపోవచ్చు. చూచినవానికి ఖర్చు తగ్గించే తొందర ఉండవచ్చు. ముగ్గురూ సంతకం చేసిన పనిలో లోపం దాగే అవకాశం తగ్గుతుంది. ప్రమాదం జరిగినప్పుడు ఎవరిని అడగాలో సమాజానికి తెలుస్తుంది.

పత్రం లేని చేయి – చేయి లేని పత్రం

ఆచరణలో పరిస్థితి ఇంత సరళంగా లేదు. ప్రతి ఊళ్లోనూ పత్రం లేకుండా ఇరవై, ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతున్న, ఇళ్లకు వైరింగు చేస్తున్న పనివారు ఉన్నారు. బడికి పోవలసిన వయసులో మేస్త్రి వెంట సంచి మోసి, చూచి, చేసి నేర్చినవారు వారు. మోటారు శబ్దం విని బేరింగు పోయిందో, వైండింగు కాలిందో చెప్పగలరు. అటువంటి వానిని పత్రం లేదన్న కారణంతో అయోగ్యుడు అనడం న్యాయం కాదు. కాని, అతడెంత నిపుణుడైనా, ఎర్త్ నిరోధం కొలిచే అలవాటు మేస్త్రికే లేకపోతే శిష్యునికీ రాదు. చూచి నేర్చిన విద్యలో గురువు లోపాలు కూడా వారసత్వంగా వస్తాయి.

మరొకవైపు పత్రం ఉండి చేయి తిరగనివారూ ఉన్నారు. తరగతికి సక్రమంగా వెళ్లక, పరికరాలు చాలని సంస్థలో చదివి, పరీక్ష గట్టెక్కినవాడు మొదటి రోజున స్విచ్ బోర్డు ముందు తడబడతాడు. అతని చేతిలోని పత్రం ప్రజలకు తప్పుడు ధైర్యం ఇస్తుంది. పత్రం లేని నిపుణుని కంటే ఇతనివల్ల కలిగే అపాయం ఎక్కువ.

ఈ రెండు లోపాలకు రెండు మార్గాలు ఉన్నాయి. అనుభవం ద్వారా నేర్చినవారిని పరీక్షించి, లోటు ఉన్నచోట కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, గుర్తింపు పత్రం ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. రెండవ లోపానికి మందు ప్రభుత్వ పథకాలలో కంటే శిక్షణ సంస్థల నిజాయితీలో ఉంది. ప్రయోగపరీక్షలో అర్హత లేనివానికి మార్కులు వేసే పరీక్షకుడు, రేపు ఒక ఇంట జరగబోయే ప్రమాదానికి ఈ రోజు సంతకం చేస్తున్నాడు.

స్తంభం ఎక్కిన చేతులు

ఐ.టి.ఐ. చదివిన యువతకు 2019లో ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతమైన అవకాశం వచ్చింది. గ్రామ, వార్డు సచివాలయాల కోసం విద్యుత్ పంపిణీ సంస్థలు ఎనర్జీ అసిస్టెంట్లను, అనగా రెండవ శ్రేణి జూనియర్ లైన్‌మన్లను నియమించాయి. ఐ.టి.ఐ. వారితో పాటు ఇంటర్మీడియట్‌లో విద్యుత్ వృత్తివిద్య చదివినవారినీ అర్హులుగా పరిగణించాయి. మార్కులతో పాటు స్తంభారోహణ, మీటరు రీడింగు, సైకిలు తొక్కడం అనే మూడు పరీక్షలు పెట్టారు. కాగితంపై ఉన్న అర్హతను శరీరం కూడా నిరూపించవలసిన ఉద్యోగం ఇది.

అదే సంవత్సరం తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ నియామకాలలో మహిళలకు చోటు ఇవ్వలేదు. స్తంభమెక్కడం స్త్రీలవల్ల కాదన్న అభిప్రాయం దానికి మూలం. ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివిన కొందరు యువతులు హైకోర్టును ఆశ్రయించి పరీక్ష రాసే హక్కు సాధించారు. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష వారిలో ఒకరు. రాతపరీక్షలో నెగ్గి, ఊళ్లోనే స్తంభమెక్కడం అభ్యసించి, స్తంభారోహణ పరీక్షలోనూ నెగ్గి లైన్‌ఉమన్‌గా పేరు పొందారు. ఆమె ప్రత్యేక మినహాయింపు ఏదీ కోరలేదు. అందరికీ పెట్టిన పరీక్షను తనకూ పెట్టమని మాత్రమే కోరారు. యోగ్యతను పుట్టుకను బట్టి కాక పరీక్షను బట్టి నిర్ణయించడమే యోగ్యతాపత్రం అంతరార్థమని ఆ యువతుల పోరాటం నిరూపించింది.

విదేశాలకు జీవనోపాధి కోసం వెళ్లే తెలుగువారికీ ఈ పత్రం ఆధారమే. గల్ఫ్ దేశాలలో ఉద్యోగానికి ముందు ట్రేడ్ పరీక్ష పెట్టడం మామూలు. సౌదీ అరేబియా ఇటీవలి సంవత్సరాలలో విదేశీ కార్మికులకు నైపుణ్య పరిశీలన పరీక్షను ప్రవేశపెట్టింది. విద్యుత్ పనివారు అందులో ఉన్నారు. ఒకే విమానంలో వెళ్లిన ఇద్దరిలో పత్రం ఉన్నవాడు ఎలక్ట్రీషియన్‌గా, లేనివాడు సహాయకుడిగా చేరితే ఇద్దరి జీతాల మధ్య తేడా ఉంటుంది. జర్మనీలో విద్యుత్ వృత్తి శిక్షణ మూడున్నర సంవత్సరాలు సాగుతుంది. విద్యార్థి వారంలో కొన్ని రోజులు బడిలో, తక్కిన రోజులు సంస్థలో గడుపుతాడు. బడిని, కార్యశాలను వేరుచేయకపోవడం అక్కడి పద్ధతిలోని బలం.

భాష కూడా రక్షణే

విద్యుద్ఘాతానికి గురైన వ్యక్తిని బతికించే విధానాన్ని తెలిపే పటాన్ని సబ్‌స్టేషన్లలో, కర్మాగారాలలో అందరికీ కనిపించే చోట తగిలించాలని 1956 నాటి నియమాలు ఆదేశించాయి. ఆ పటం ఆ జిల్లాలో వాడే స్థానిక భాషలో కూడా ఉండాలన్నాయి. ప్రమాదవేళ నిఘంటువు తెరిచే తీరిక ఎవరికీ ఉండదు. ‘ముందు మెయిన్ ఆపు, మనిషిని చేత్తో ముట్టుకోకు, ఎండిన కర్రతో తీగను తప్పించు’ అన్న మాటలు తల్లిభాషలో గుర్తుంటేనే చేయి సకాలంలో కదులుతుంది. విద్యుత్ పనివారు ఎర్త్, ఫేజు, న్యూట్రల్, జంపరు అన్న మాటలను తెలుగు చేసుకొని వాడుతున్నారు. వాటి స్థానంలో బరువైన కొత్త పదాలు పెట్టనక్కరలేదు. ఆ మాటల వెనుక ఉన్న శాస్త్రాన్ని తెలుగులో విడమరచి చెప్పడమే కావలసినది.

ముగింపు

తాడేపల్లి 2009లో పురపాలక సంఘమైంది. 2021లో మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థలో భాగమైంది. పొలాలు ఉన్నచోట అంతస్తుల భవనాలు లేచాయి. ఒక్కొక్క భవనంలో ఎన్నో కుటుంబాలు, ఒక్కొక్క కుటుంబానికి ఎన్నో విద్యుత్ ఉపకరణాలు. వాటన్నిటినీ మోసే తీగలు గోడలలో ఉన్నాయి. ఆ గోడల నడుమ పసిపిల్లలు నిద్రిస్తున్నారు.

ఇల్లు కట్టించేవారు పాలరాతికి ఎంత ధర ఇవ్వాలో విచారిస్తారు. వైరింగు చేసేవానికి పర్మిట్ ఉందా, ఎర్త్ కొలిచాడా అని అడిగేవారు తక్కువ. ఆ రెండు ప్రశ్నలు అడగడం ప్రజలకు అలవాటైతే, విద్య నేర్చినవానికి గౌరవం, ఆదాయం పెరుగుతాయి. నేర్వనివాడు నేర్వడానికి పూనుకుంటాడు. హస్తనైపుణ్యం, శాస్త్రజ్ఞానం, బాధ్యత – ఈ మూడూ కలిసిన చేతికే తీగను అప్పగించాలి. అట్టి చేతికి సమాజం ఇచ్చే గుర్తింపే యోగ్యతాపత్రం.

కఠిన పదాలకు అర్థాలు

యోగ్యతాపత్రం = అర్హతను తెలిపే పత్రం
పూచీ = హామీ, బాధ్యత
అంతేవాసి = గురువు వద్ద ఉండి విద్య నేర్చేవాడు
ఆవేశనం = పనివారి కార్యశాల
కంటకశోధనం = ముళ్లను ఏరివేయడం; ప్రజలకు బాధ కలిగించేవారిని అదుపుచేయడం
పూర్ణఘటం = నిండుకుండ
నూగు = సన్నని పోగుల పొడి
విద్యుద్ఘాతం = కరెంటు దెబ్బ, షాక్
భృతి = జీతం, పోషణకై ఇచ్చే ధనం
ఆతురత = తొందర, ఆరాటం

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శిల్పి పనికి, ఎలక్ట్రీషియన్ పనికి గల భేదాన్ని తెలిపి, యోగ్యతాపత్రం ఆవశ్యకతను వివరించండి.
2. విద్యుత్ పనివాడు ఐ.టి.ఐ.లో చేరిన నాటి నుండి పర్మిట్ పొందే వరకు గల దశలను వర్ణించండి.
3. ‘పత్రం లేని చేయి, చేయి లేని పత్రం’ – వీటిలో సమాజానికి ఏది ఎక్కువ అపాయకరం? పాఠం ఆధారంగా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పత్తి, మిరప పండే ప్రాంతాలలో విద్యుత్ భద్రత ఎందుకు ముఖ్యం?
2. ‘లైన్ క్లియర్’ విధానాన్ని వివరించండి.
3. ప్రాచీన గురుశిష్య ఒప్పందానికి, అప్రెంటిస్ చట్టానికి గల పోలికలను, భేదాన్ని తెలపండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. శిల్పి పనికి శిల్పమే సాక్ష్యం.
2. నేర్చిన విద్య వేరు, నేర్చినట్లు నిరూపించిన విద్య వేరు.
3. చూచి నేర్చిన విద్యలో గురువు లోపాలు కూడా వారసత్వంగా వస్తాయి.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. శిల్పకారుల శిక్షణ పథకం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
2. సాంచీ శాసనంలో శిల్పుల పెద్దను ఏమని పేర్కొన్నారు?
3. తీగల తొడుగు విద్యున్నిరోధాన్ని కొలిచే పరికరం ఏది?
4. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నది ఎవరు?

V. వ్యాకరణాంశాలు

సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘసంధి
స్తంభారోహణ = స్తంభ + ఆరోహణ – సవర్ణదీర్ఘసంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
ప్రత్యక్ష = ప్రతి + అక్ష – యణాదేశసంధి
విద్యున్నిరోధం = విద్యుత్ + నిరోధం – అనునాసికసంధి
అతడెంత = అతడు + ఎంత – ఉత్వసంధి

సమాసాలు
గురుశిష్యులు – గురువును, శిష్యుడును – ద్వంద్వ సమాసం
రెండేళ్లు – రెండు సంఖ్యగల ఏళ్లు – ద్విగు సమాసం
కృష్ణానది – కృష్ణ అను పేరుగల నది – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం
గృహయజమాని – గృహమునకు యజమాని – షష్ఠీ తత్పురుష సమాసం
హస్తనైపుణ్యం – హస్తమునందు నైపుణ్యం – సప్తమీ తత్పురుష సమాసం
అయోగ్యుడు – యోగ్యుడు కానివాడు – నఞ్ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ఇంటి లేదా కళాశాల భవనపు ఎర్త్ గొయ్యి ఎక్కడ ఉందో, దానిలో చివరిసారి నీరు ఎప్పుడు పోశారో విచారించండి. తీగలను, స్విచ్ బోర్డును ముట్టుకోకుండా, మీ ప్రాంతంలోని విద్యుత్ పనివారిని అడిగి వారు పని నేర్చిన విధానాన్ని ఒక పుటలో రాయండి.